ఎంబీబీఎస్ లేకుండా గుండెజబ్బుల పరిశోధనలోకి వెళ్లొచ్చా? వైజాగ్ నుంచి ఒక జవాబు

గాజువాక నుంచి బీఫార్మసీ మూడో ఏడు చదువుతున్న అమ్మాయి అడిగింది క్లుప్తంగా ఇదీ: నీట్‌లో ఎంబీబీఎస్ సీటు రాలేదు. పోయినేడాది నాన్నగారికి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. అప్పట్నుంచి గుండెజబ్బులకి మందులు కనిపెట్టే పనిలోకి వెళ్లాలని ఉంది. డాక్టర్ అవకుండా అది కుదురుతుందా, వైజాగ్‌లోనే ఉండి చేయొచ్చా, బతకడానికి సరిపడా డబ్బొస్తుందా?

కుదురుతుంది. వైజాగ్‌లో సగం చేయొచ్చు, మిగతా సగానికి ఊరు దాటాలి. డబ్బొస్తుంది గానీ ఆలస్యంగా వస్తుంది. ఇక వివరంగా చెప్తాను. మా విద్యార్థుల వయసే నీది, అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకమ్మా.

నా సంగతి ఒక్క మాటలో: నేనూ ఫార్మసీ నుంచి వచ్చినదాన్నే. ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో ఎంఫార్మసీ ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రం) చేసి, పీహెచ్‌డీకి హైదరాబాద్ వెళ్లి, కొన్నాళ్లు విదేశంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేసి తిరిగొచ్చాను. మొదట్లో అంతా ఎలుకల గుండెల మీద పని, తర్వాత మనుషుల మీద జరిగే క్లినికల్ ట్రయల్స్ వైపు మళ్లాను. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి రెండింటి గురించీ చెప్పగలను.

నువ్వు రాసిన మాటల్లో ‘మందు కనిపెట్టడం’ అన్నది నాకు కాస్త గుచ్చుకుంది. అందరూ అలాగే అంటారు, తప్పులేదు. కానీ ఎవరో ఒక మేధావి ల్యాబ్‌లో కూర్చుని గుండెకి మందు కనిపెడతాడన్నట్టు ఉంటుంది ఆ మాట. మీ నాన్నగారి స్టెంట్‌నే తీసుకో. ఇప్పుడు మన దగ్గర వేసేవి దాదాపు అన్నీ మందు పూసిన స్టెంట్లే, ఆ మందు సిరోలిమస్ గానీ దాని కుటుంబంలోది గానీ అయ్యుంటుంది. మామూలు లోహపు స్టెంట్ వేస్తే రక్తనాళం గోడలోని కండరకణాలు పెరిగి, కొన్ని నెలల్లో దారి మళ్లీ ఇరుకైపోయేది. ఆ పెరుగుదలని ఆపేది సిరోలిమస్. అది ఎక్కడిదో తెలుసా? పసిఫిక్ సముద్రంలో ఈస్టర్ దీవి మట్టిలో ఉన్న ఒక సూక్ష్మజీవి తయారుచేసే పదార్థం. 1964లో ఆ దీవికి వెళ్లిన బృందం మట్టి నమూనాలు తెచ్చింది. కెనడాలో ఒక కంపెనీ ల్యాబ్‌లో విభజనకి ముందటి భారతదేశంలో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్, ఆయన బృందం దాన్ని వేరుచేశారు. వాళ్లు వెతికింది బూజుని చంపే మందు కోసం. తీరా చూస్తే అది రోగనిరోధక శక్తిని అణిచేస్తోంది. బూజు మందుగా పనికిరాదని కంపెనీ పక్కన పెట్టేసింది, ఆ ల్యాబే మూతపడింది. సెహగల్ మాత్రం ఆ సూక్ష్మజీవిని ఇంట్లో ఫ్రీజర్‌లో దాచుకున్నాడు. 1999లో అది కిడ్నీ మార్పిడి రోగులకి మందయింది. 2003లో అమెరికా అనుమతితో స్టెంట్ మీదికెక్కింది. ఇంత కథలో తొలి మూడు దశాబ్దాలు దాన్ని గుండె కోసం వెతికినవాళ్లు లేరు. మట్టి తవ్వినవాళ్లు, రసాయన శాస్త్రవేత్తలు, ఎలుకల మీద పరీక్షించినవాళ్లు, లోహం పనివాళ్లు, లెక్కలు కట్టినవాళ్లు ఇలా వందలమంది చేతులు పడ్డాయి, వాళ్లలో ఎంబీబీఎస్ లేనివాళ్లే ఎక్కువ. (మధ్యలో ఒక మాట: స్టెంట్ తర్వాత రాసిచ్చిన ఆ రక్తం పలచబడే మాత్రలు ‘ఇప్పుడు బాగానే ఉన్నాను కదా’ అని మీ నాన్నగారు ఆపేస్తానంటే ఊరుకోకు. ఆపాలో వద్దో కార్డియాలజిస్టే చెప్పాలి.)

సీటు రాలేదన్న దిగులుకి ఇంకో ఉదాహరణ మన గోదావరి జిల్లాలోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఇవ్వలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. బోస్టన్ వెళ్లి ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడాయన. అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కండరానికి శక్తినిచ్చే పదార్థాలు ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఏటీపీని గుర్తించాడు. నీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి ఉంటుంది చూడు, ఆ సుబ్బారావే ఈయన. మనిషి గుండె రోజుకి సుమారు 6 కిలోల ఏటీపీని తయారు చేసుకుంటూ ఖర్చు పెట్టుకుంటూ ఉంటుంది. గుండె బరువు చూస్తే 300 గ్రాములే.

ఇక దారుల సంగతి. ఇదంతా కాలేజీలో ఎవరైనా చెప్తారు కాబట్టి త్వరగా ముగిస్తాను. బీఫార్మసీ తర్వాత జీప్యాట్ అనే జాతీయ పరీక్ష రాసి ఎంఫార్మసీ ఫార్మకాలజీ చేయొచ్చు, లేదా నైపర్ (కేంద్రం నడిపే ఫార్మసీ విద్యాసంస్థ) ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ నైపర్‌కో మొహాలీకో వెళ్లొచ్చు. పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్‌కి బీఫార్మసీ వాళ్లు కూడా అర్హులే, చాలామందికి ఆ సంగతి తెలీదు. పీహెచ్‌డీకి మన వైపు ఏయూ, గీతం ఉన్నాయి. హైదరాబాద్‌లో జీవశాస్త్రానికి సీసీఎంబీ, రసాయన శాస్త్రానికి ఐఐసీటీ, తిరువనంతపురంలో వైద్య పరిశోధన సంస్థ శ్రీచిత్ర ఉన్నాయి. ఎంబీబీఎస్ చేసినవాళ్ల దారి వేరు: ఎండీ ఫార్మకాలజీ గానీ, జనరల్ మెడిసిన్ ఎండీ తర్వాత డీఎం కార్డియాలజీ గానీ. రోగికి మందు రాసే హక్కు, ట్రయల్‌లో వైద్యపరమైన బాధ్యత వాళ్లదే. ఆ ఒక్కటీ నీకు ఉండదు, ముందే తెలుసుకుని రా. మిగతా పని అంతా చేయొచ్చు.

దారి ఏదైనా, రోజూ చేసే పని ఎలా ఉంటుందో చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు. నేను పీహెచ్‌డీలో ఎక్కువకాలం గడిపింది లాంగెన్‌డార్ఫ్ దగ్గర. అంటే ఎలుక గుండెని శరీరం బయట కొట్టుకునేలా చేసే ఏర్పాటు. జర్మనీలో ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ 1890ల్లో మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ వాడుతున్నాం. ఎలుకకి మత్తిచ్చి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, గుండె తీసి ఐసులో పెట్టిన ద్రావణంలో వేస్తాం. అక్కణ్నుంచి పరుగే. అయోర్టాని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిని, సన్నటి గొట్టానికి తొడిగి దారంతో ముడి వేయడానికి నీ చేతిలో ఉండేది రెండు మూడు నిమిషాలు. గొట్టం కాస్త లోతుకి దిగిందా, కవాటం చిరుగుతుంది. ఒక్క గాలిబుడగ పోయిందా, గుండెకే రక్తం అందించే కరోనరీ నాళంలో అడ్డుపడి ఆ గుండె ఇక పనికిరాదు. అన్నీ కుదిరితే 37 డిగ్రీల వేడిలో ఉన్న క్రెబ్స్ ద్రావణం (రక్తం బదులు వాడే ఉప్పునీటి ద్రావణం), 95 శాతం ఆక్సిజన్ కలిపినది, లోపలికి వెళ్తుంది. మిగిలిన రక్తమంతా కడుక్కుపోయి గుండె పాలిపోతుంది, రెండు మూడు సెకన్లు ఆగుతుంది, ఆపైన కొట్టుకోవడం మొదలెడుతుంది. నిమిషానికి 250, 300 సార్లు. మొదటిసారి చూసి మనసు కదలకుండా నిలబడిన స్టూడెంట్ ఒక్కరూ లేరు.

తర్వాత ద్రావణాన్ని అరగంట ఆపుతాం. అదే మనం చేసే గుండెపోటు. మళ్లీ వదిలి రెండు గంటలు నడిపి, గుండెని కాసేపు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి టీటీసీ అనే రంగులో నానబెడతాం. బతికున్న కండరం ఇటుక ఎరుపుకి తిరుగుతుంది. చచ్చిన కండరం తెల్లగా ఉండిపోతుంది. మందిచ్చిన గుండెలో తెలుపు తగ్గిందా లేదా అన్నది ప్రశ్న. ముక్కల్ని స్కాన్ చేసి, కంప్యూటర్ మీద తెలుపు అంచు వెంట గీత గీసి వైశాల్యం కొలవాలి. అసలు కష్టం ఇక్కడుంది. ఎరుపుకీ తెలుపుకీ మధ్య గులాబీ రంగు పట్టీ ఒకటి ఉంటుంది. ఏ గుండెకి మందిచ్చావో నీకు తెలిస్తే, ఆ గీత తెలీకుండానే నీ మందు వైపు జరుగుతుంది. అబద్ధం చెప్పాలని కాదు, రెండేళ్లు కష్టపడ్డావు కాబట్టి. అందుకే గీత గీసే మనిషికి ఏది ఏదో తెలియకూడదు. స్లైడ్ల మీద నంబర్లే ఉండాలి, ఏ నంబర్ ఏ గుండెదో చెప్పే జాబితా ఇంకొకరి దగ్గర ఉండాలి. నువ్వు చేరబోయే ల్యాబ్‌లో ఈ పద్ధతి ఉందో లేదో అడుగు. ‘మాది చిన్న ల్యాబ్, అవన్నీ ఎందుకు’ అన్నారంటే మర్యాదగా లేచి వచ్చేయ్.

జంతువుల ప్రాణం తీయడం నీ వల్ల కాదనుకుంటే అది లోపమేమీ కాదు, కాకపోతే మొదటి ఏడాదిలోనే చెప్పు. చర్మకణాల నుంచో రక్తకణాల నుంచో తయారుచేసిన గుండెకణాల మీద పనిచేసే ల్యాబులున్నాయి. 2007లో మనిషి కణాలతో యమనాకా చూపించిన పద్ధతి అది. గిన్నెలో ఆ కణాల పొర కొట్టుకోవడం మైక్రోస్కోప్ కింద కనిపిస్తుంది. జంతువుల మీద పనికైనా సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి లేనిదే ఒక్క ఎలుకని కూడా ముట్టకూడదు.

ఎలుకల మాట వచ్చింది కాబట్టి ఎండో కోళ్ల కథ చెప్పాలి. అకిరా ఎండో జపాన్‌లో సాంక్యో కంపెనీలో పనిచేసేవాడు. కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం బూజుల్లో దొరుకుతుందేమోనని సుమారు 6 వేల బూజుల్ని పరీక్షించాడు. 1973లో పెనిసిలియం సిట్రినం అనే బూజులో దొరికింది. ఎలుకలకి పెడితే కొలెస్ట్రాల్ తగ్గలేదు. కంపెనీ పెదవి విరిచింది. పక్క విభాగంలో ఒక సహోద్యోగి గుడ్లు పెట్టే కోళ్లని పెంచుతున్నాడు. గుడ్డు నిండా కొలెస్ట్రాలే కదా, కోడి రక్తంలోనూ అది ఎక్కువే ఉంటుందని వాటికి పెట్టి చూశారు. సగానికి సగం తగ్గింది. తర్వాత కుక్కల్లో వచ్చిన ఫలితాలకి భయపడి ఆ మందుని కంపెనీ ఆపేసింది. అదే దారిలో మెర్క్ కంపెనీ తెచ్చిన లోవాస్టాటిన్ 1987లో మార్కెట్‌లోకి వచ్చింది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో అదే మొదటిది. ఎలుక కాదన్నంత మాత్రాన మందు పనిచేయదని కాదు. ఎలుక ఔనన్నంత మాత్రాన పనిచేస్తుందనీ కాదు. రెండోదే చాలా ఎక్కువగా జరుగుతుంది. మన కాలేజీల్లో ‘ఫలానా ఆకు రసం ఎలుక గుండెని కాపాడింది’ అనే థీసిస్‌లు బీరువాల నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా మనిషి దాకా వచ్చిందా అని అడుగు. అందులో నా విద్యార్థులవీ ఉన్నాయి, కాబట్టి ఎవర్నీ ఎత్తిపొడవడం లేదు.

ఈ రంగంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇంకొకటుంది, ఇది సిలబస్‌లో సరిగా చెప్పరు. రిపోర్టులో అంకె బాగుపడటం వేరు, మనిషి బతకడం వేరు. 1980ల్లో గుండెపోటు తర్వాత ఈసీజీలో ఎక్స్‌ట్రా బీట్లు కనిపిస్తే ప్రమాదమని తెలుసు. వాటిని అణిచే మందులున్నాయి. అణిస్తే చావులు తగ్గుతాయని డాక్టర్లు లక్షలమందికి రాసేవారు. నిజంగా తగ్గుతాయా అని అమెరికాలో క్యాస్ట్ అనే ట్రయల్ పెట్టారు. ‘ఇంత తెలిసిన విషయానికి ట్రయలా, పోల్చడానికని మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం అన్యాయం’ అని అభ్యంతరం చెప్పినవాళ్లున్నారు. 1989లో మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ తీసుకున్నవాళ్లలో మరణాలు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ల కంటే రెండు రెట్లకు పైగా ఉన్నాయి. ఈసీజీలు మాత్రం చక్కగా ఉన్నాయి.

2006లో టార్సెట్రాపిబ్‌దీ అదే వరస. మంచి కొలెస్ట్రాల్ అంటామే, హెచ్‌డీఎల్, దాన్ని భారీగా పెంచే మందు. సుమారు 15 వేల మందితో ట్రయల్. మందు తీసుకున్నవాళ్లలో చావులు ఎక్కువ కనిపించేసరికి ఫైజర్ డిసెంబర్‌లో ఆపేసింది. తిరగబడ్డ కథలూ ఉన్నాయి. గుండె బలహీనపడ్డవాళ్లకి (హార్ట్ ఫెయిల్యూర్) గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు ఇస్తే ఇంకా కుంగిపోతారని పాఠ్యపుస్తకాల్లోనే ఉండేది. స్వీడన్‌లో కొందరు డాక్టర్లు 1970ల్లోనే ఇచ్చి చూసి బాగుందన్నారు, నమ్మినవాళ్లు తక్కువ. 1999లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లో మరణాలు మూడోవంతు దాకా తగ్గాయి. ఇప్పుడు హార్ట్ ఫెయిల్యూర్ రోగి చీటీలో మెటోప్రొలాలో బిసోప్రొలాలో లేకపోతే ఎందుకు లేదని అడుగుతాం.

మన ప్రాంతానికి దగ్గరగా ఉండే ఉదాహరణ కావాలంటే కీళ్లవాతం జ్వరంతో కవాటాలు పాడయ్యే జబ్బు, రుమాటిక్ హార్ట్ డిసీజ్. పాశ్చాత్య దేశాల్లో ఇది దాదాపు మాయమైంది. వైజాగ్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ లాంటి చోట ఓపీలో కూర్చుంటే ఇంకా కనిపిస్తుంది. 21 రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ ఇంజెక్షన్ కోసం వచ్చే పిల్లలు, మెట్లెక్కితే ఆయాసం వచ్చి మొదటి కాన్పులో జబ్బు బయటపడ్డ ఆడపిల్లలు. వీళ్లలో గుండె లయ తప్పినవాళ్లకి రక్తం గడ్డకట్టకుండా పాత రకం మాత్రలిస్తారు, వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి. వాటికి రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మాటిమాటికీ చేయించుకోవాలి. కొత్త రకం రివరాక్సాబాన్‌కి ఆ బాధ లేదు, కాబట్టి అదే మేలని చాలామందిమి అనుకున్నాం. ఇన్విక్టస్ అనే ట్రయల్‌లో భారత్‌తో సహా చాలా దేశాల నుంచి నాలుగున్నర వేల మంది రోగులు చేరారు. 2022లో ఫలితం వచ్చింది. పాత మాత్రలు తీసుకున్నవాళ్లలోనే మరణాలు తక్కువ. ఎవరూ ఊహించలేదు. పేదదేశాల జబ్బు మీద పేదదేశాల రోగులతో పెద్ద ట్రయల్ చేయకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు. నువ్వు వైజాగ్‌లో ఉండి ఏం చేయగలవన్నదానికి నా సమాధానం ఈ వైపే ఉంది.

అణువుని మొదట్నుంచి తయారుచేసి మందుదాకా తీసుకెళ్లాలనుకుంటే ఈ ఊరు చాలదు. పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగాలున్నాయి, కానీ అక్కడ జరిగేది ప్రధానంగా ముడిమందుల తయారీ, నాణ్యత పరీక్ష. జీవశాస్త్రం వైపు లోతుగా వెళ్లాలంటే హైదరాబాద్, బెంగళూరు, ఆపైన విదేశం. పరికరాల వైపు ఆసక్తి ఉంటే పెదగంట్యాడ దగ్గర వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ మీ ఇంటికి దగ్గరే, ఒకసారి వెళ్లి చూడు. స్టెంట్‌నీ కవాటాన్నీ మనిషిలో పెట్టేముందు ఎన్ని విధాలుగా పరీక్షిస్తారో తెలిస్తే ఆశ్చర్యపోతావు. పదేళ్ల గుండె కొట్టుకోళ్లకి సమానమని స్టెంట్‌ని 40 కోట్ల సార్లు యంత్రంలో సాగదీసి వదులుతారు. ఆ వైపు వెళ్లాలంటే శ్రీచిత్ర వాళ్లు తయారుచేసిన కృత్రిమ గుండె కవాటం కథ చదువు. ముందు నమూనాలు ఒకదాని తర్వాత ఒకటి విఫలమయ్యాక, 1990 డిసెంబర్‌లో తొలి రోగికి పెట్టారు.

విశాఖకి ఉన్న అసలు బలం రోగులు. 1923 నుంచి ఆంధ్రా మెడికల్ కాలేజీ, కేజీహెచ్ ఇక్కడున్నాయి. శ్రీకాకుళం నుంచి, పాడేరు, అరకు నుంచి, ఒడిశాలో కోరాపుట్ నుంచి కూడా జనం కేజీహెచ్ ఉన్న మహారాణిపేటకే వస్తారు. ఒకపక్క స్టీల్‌ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డులో షిఫ్ట్ డ్యూటీ చేసేవాళ్లు, ఇంకోపక్క జాలరిపేటలు, ఏజెన్సీ. మన దక్షిణాసియా వాళ్లకి తొలి గుండెపోటు మిగతావాళ్లకంటే ఐదారేళ్లు ముందే వస్తుందని 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తేలింది, మధ్యస్థ వయసు 53. మనవాళ్లలో దాదాపు 4 శాతం మందిలో మైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాల ముక్క లేకపోవడం, దానివల్ల నడివయసులో గుండె కండరం బలహీనపడే ముప్పు పెరగడం గురించి 2009లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగమైన బృందమే చెప్పింది. ఇలాంటి ప్రశ్నలకి లండన్‌లో కూర్చుంటే రోగులు దొరకరు.

కానీ రోగి దొరకడం వేరు, నిలవడం వేరు. క్లినికల్ ట్రయల్ అంటే చాలామంది మందివ్వడం అనుకుంటారు. మా పనిలో ఎక్కువ భాగం మందిచ్చాక మనిషిని వెతుక్కోవడం. ముంచంగిపుట్టు నుంచి వచ్చిన మనిషి అంగీకార పత్రం మీద సంతకం పెట్టాడనుకో. ముందు ఆ పత్రం ఆయనకి అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగులో చదివి వినిపిస్తే తలూపినంత మాత్రాన సరిపోదు. ‘మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి బాబూ’ అని అడగాలి. ‘డాక్టర్‌గారు మంచిమందిస్తారంట’ అన్నాడంటే అర్థం కాలేదన్నమాట, మళ్లీ మొదటికి. కొత్త మందైతే, రోగి పేదరికంలోనో మరో బలహీన స్థితిలోనో ఉంటే, ఇదంతా వీడియో తీయాలని నిబంధన.

మూడో నెల రమ్మంటాం. రాడు. ఫోన్ చేస్తే కిరాణాకొట్టు వాళ్లు ఎత్తుతారు, నంబర్ వాళ్లదే. కోతలయ్యాక వస్తాడంట అని కబురు. లేదంటే చెన్నైకి పనికెళ్లిపోయాడని. ఆశా కార్యకర్త సాయం పట్టుకుని, వారపు సంతరోజు చూసుకుని, బస్సు ఛార్జీలిస్తామని చెప్పి రప్పించాలి. చనిపోతే ఏ రోజు, నిద్రలోనా, నొప్పి వచ్చా, ఎంతసేపు అని ఇంట్లోవాళ్లని అడిగి రాసుకోవాలి. వంద మందిలో పదిహేను మంది ఆచూకీ పోతే, ఆ ట్రయల్ ఫలితం మీద నాకు నమ్మకం ఉండదు, ఎందుకంటే ఆ పదిహేను మందీ బతికున్నారో లేదో అన్నదే కదా అసలు ప్రశ్న. ఈ పని చేసే కోఆర్డినేటర్లకి పేపర్లో పేరు రాదు, జీతమూ తక్కువే. నా దృష్టిలో మందు పనిచేసిందో లేదో తేల్చేది వాళ్లు. నువ్వు ఎంఫార్మసీకి ముందో తర్వాతో ఒక ఏడాది ఈ పని చేస్తే, ఆపైన ల్యాబ్‌కి వెళ్లినా నీ ప్రశ్నలు మారిపోతాయి.

మోసం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గుండె పరిశోధనలో పెద్దదే జరిగింది. ఎముక మజ్జ కణాలతో చచ్చిన గుండె కండరం తిరిగి పెరుగుతుందని 2001లో అమెరికాలో ఒక ల్యాబ్ ప్రకటించింది. 2004లోనే వేరే ల్యాబులు చేసి చూసి రావట్లేదన్నాయి. అయినా ఏళ్లతరబడి డబ్బూ, రోగులూ ఆ దారిలోనే వెళ్లారు. 2018లో హార్వర్డ్ ఆ ల్యాబ్‌వి 31 పేపర్లు వెనక్కి తీసుకోవాలని సిఫార్సు చేసింది. మన దగ్గర ఒత్తిడి ఇంత పెద్దస్థాయిలో ఉండదు. ‘ఈ ఒక్క ఎలుకని లెక్కలోంచి తీసేస్తే పీ విలువ వచ్చేస్తుంది కదా’ అనే రూపంలో వస్తుంది. పీ విలువ అంటే ఫలితం కాకతాళీయం కాదనడానికి చూపించే అంకె. అడిగేది నీ గైడే కావొచ్చు. అప్పుడు ఏం చెప్తావో ముందే అనుకుని ఉండు. ముడి డేటా, తేదీలతో రాసిన ల్యాబ్ నోట్‌బుక్ నీ దగ్గర ఉంటే చెప్పడం తేలిక.

డబ్బు. జీప్యాట్ ర్యాంకుతో ఎంఫార్మసీలో నెలకి 12,400. నెట్‌లో జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కింద 42,000, దాని మీద ఇంటద్దె అలవెన్సు. పీహెచ్‌డీ తర్వాత రీసెర్చ్ అసోసియేట్‌గా 58,000 నుంచి 67,000. ఇవి కాగితం మీద అంకెలు. ఫెలోషిప్ ఆర్నెల్లు ఆగి ఒకేసారి పడటం మామూలే, కాబట్టి చేతిలో కొంచెం పెట్టుకో, లేదా హాస్టల్ మెస్ వాళ్లతో మంచిగా ఉండు. పర్మనెంట్ ఉద్యోగం అంటే, అసిస్టెంట్ ప్రొఫెసరో, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌లో సైంటిస్టో, చాలామందికి ముప్పై దాటాకే. ఈలోపు నీతోపాటు బీఫార్మసీ చేసినవాళ్లు ఫార్మాకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల్ని గమనించి నమోదు చేసే పని)లో చేరి స్కూటీ దాటి కారు కొనేస్తారు. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలవుతుంది. ‘పీహెచ్‌డీ అయ్యాక చేసుకుంటా’ అని పెద్దవాళ్లకి ఇప్పుడే చెప్పి ఒప్పించుకో, నాలుగో ఏడులో చెప్తే వినరు. అవసరం డబ్బయితే, స్టాటిస్టిక్స్ బాగా నేర్చుకున్నవాళ్లకి ట్రయల్స్ వైపు జీతాలు ముందుగానే బాగుంటాయి. ఆ లెక్కలకి వాడే ‘ఆర్’ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టు, ఉచితమే.

ఇంకో రకం నష్టం గురించి ఎవరూ చెప్పరు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. నాకు తెలిసిన ఒక ల్యాబ్‌లో జనరేటర్‌కి డీజిల్ దొరక్క మైనస్ 80 ఫ్రీజర్ కరిగిపోయింది, ఒక అమ్మాయి మూడేళ్ల రక్తనమూనాలు పోయాయి. ఆమె థీసిస్ అంశమే మార్చుకోవాల్సి వచ్చింది. సముద్రపొడ్డు ఊళ్లో పరిశోధన చేసేవాళ్లు నమూనాల్ని రెండు చోట్ల పెట్టుకోవాలి, ఇంకో మాట లేదు.

ఇక ఈ ఏడాది ఏం చేయాలి? సీటీఆర్ఐ అని దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ నమోదు చేసే వెబ్‌సైట్ ఉంది. 2009 జూన్ నుంచి మందుల ట్రయల్ ఏదైనా మొదలయ్యేముందే అక్కడ నమోదు చేయాలి. గుండెజబ్బుల ట్రయల్స్ తీసి, ఏవి విశాఖ ఆసుపత్రుల్లో జరుగుతున్నాయో, ఏ ప్రశ్న అడుగుతున్నాయో, దేన్ని ఫలితంగా కొలుస్తున్నాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. చావుబతుకుల్ని కొలిచేవెన్ని, రిపోర్టులో అంకెల్ని కొలిచేవెన్ని అని విడదీయి. పది ట్రయల్స్ అలా చదివితే ఒక సెమిస్టర్ ఫార్మకాలజీ కంటే ఎక్కువ వస్తుంది.

సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకి రాసేటప్పుడు ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్’ అని అందరికీ ఒకటే మెయిల్ పంపకు, అవి చదవకుండానే తీసేస్తాం. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో నీకు అర్థం కాని ఒక్క చోటు గురించి రెండు వాక్యాల్లో అడుగు. ఏ నెల నుంచి ఏ నెల దాకా రాగలవో, వసతి నువ్వే చూసుకుంటావో లేదో రాయి. వారం దాటినా జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయి, రెండోసారి వద్దు. ఏయూలోనో మెడికల్ కాలేజీలోనో అయితే మెయిల్ మీద ఆధారపడకు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, క్లాసులూ ఓపీ అయిపోయిన సమయంలో, ఆ పేపర్ ప్రింటు చేతిలో పట్టుకుని నేరుగా వెళ్లు. మీ కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లెటర్ దగ్గర పెట్టుకో, అది లేకపోతే ల్యాబ్‌లోకి అనుమతి దొరకదు.